సీసీ మీద పన్ను, వాల్వు మీద కన్ను

బాలింకాలిగ్‌లో మనవాళ్ళు నలుగురు కలిసిన చోట, పిల్లల బళ్ళూ ఇళ్ళ అద్దెలూ అయిపోయాక మాట తప్పకుండా కార్ల మీదికి మళ్ళుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో అయితే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంతిస్తోందండీ?" అని. ఇక్కడ అది కాదు. "మీది ఎన్ని లీటర్లు? ఏ సంవత్సరం బండి?" అని అడుగుతారు. కొత్తగా దిగినవాళ్ళకి ఈ ప్రశ్న ఎందుకో అర్థం కాదు. పాత బండి ఒకటి కొనుక్కుని, మోటార్ టాక్స్ కాయితం ఇంటికొచ్చాక చక్కగా అర్థమవుతుంది.

సంగతేమిటంటే, ఐర్లండులో 2008 జూలైకి ముందు రిజిస్టరైన కార్లకి ఏడాది పన్ను ఇంజను సైజును బట్టి కట్టాలి. 1.4 లీటర్ల బండికి 385 యూరోలు, 1.6కి 514, 2 లీటర్లకి 710, మూడు దాటితే 1,809. ఆ తర్వాత రిజిస్టరైన కార్లకి సైజుతో పని లేదు. కిలోమీటరుకి ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుందన్నదే లెక్క. నంబరు పలక చూస్తే చాలు. 07-సి అని మొదలైతే సీసీల లెక్క, 09-సి అని మొదలైతే గ్రాముల లెక్క (సి అంటే కార్క్). ఒకే మోడలు, ఒకే రంగు, పక్కపక్కనే నిలబెట్టిన రెండు కార్లకి పన్నులో రెండింతల తేడా ఉండొచ్చు.

ఈ పన్ను గొడవలో పడే నాకు ఇంజను వాల్వుల మీద ఆసక్తి పుట్టింది. పన్నుకీ వాల్వుకీ ఏమిటి సంబంధం అంటారా? చాలా ఉంది. కారు ఇంజనులో వాల్వు ఎంత ఎత్తు లేవాలి, ఎప్పుడు ఎంత లేవాలి అన్న ప్రశ్నకి వందేళ్ళుగా జవాబు చెబుతూ వచ్చింది ఇంజనీర్లు ఒక్కరే కాదు, పన్ను రాసిన గుమాస్తాలు కూడా అని నా వాదన. ఆ కథలో ఒక ముఖ్యమైన భాగం మా ఊరికి కూతవేటు దూరంలోనే జరిగింది.

ముందు వాల్వు సంగతి చూద్దాం.

ఇంజను చేసే పనల్లా ఊపిరి తీసుకోవడం, వదలడం. పిస్టన్ కిందికి దిగుతూ గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని లోపలికి లాక్కుంటుంది. పైకి లేస్తూ దాన్ని నొక్కుతుంది. నిప్పురవ్వ పడగానే అది భగ్గుమని పిస్టన్‌ని కిందికి తోస్తుంది. పిస్టన్ మళ్ళీ లేస్తూ పొగని బయటికి నెడుతుంది. లోపలి దారికీ బయటి దారికీ ఉండే తలుపులే వాల్వులు. చూడ్డానికి పుట్టగొడుగుల్లా ఉంటాయి: సన్నటి కాడ, వెడల్పాటి తల. గట్టి స్ప్రింగు ఒకటి ఆ తలుపుని ఎప్పుడూ మూసే ఉంచుతుంది. క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసు మీద కోడిగుడ్డు మొనలాంటి ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బు తిరుగుతూ వచ్చి వాల్వు కాడని నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, దాటిపోగానే మూసుకుంటుంది. ఉబ్బు ఎంత ఎత్తుంటే వాల్వు దాదాపు అంత లేస్తుంది. ఆ లేచే ఎత్తునే లిఫ్టు అంటారు. మామూలు కార్లలో అది 8 నుంచి 10 మిల్లీమీటర్లు. చిటికెనవేలి గోరంత అన్నమాట.

గోరంతే కదా అని తీసెయ్యకండి. అన్నం గిన్నె మీద మూత గుర్తు తెచ్చుకోండి. మూత కొంచెం లేపితే చుట్టూ సన్నటి సందు, ఇంకా లేపితే పెద్ద సందు. ఆవిరి ఆ సందులోంచే రావాలి. 32 మి.మీ. తల ఉన్న వాల్వు చుట్టుకొలత సుమారు 100 మి.మీ. దాన్ని 2 మి.మీ. లేపితే గాలికి దొరికే దారి 200 చదరపు మి.మీ. 8 మి.మీ. లేపితే 800. ఆ తల వైశాల్యమే 800 కాబట్టి, అంతకన్నా ఎత్తు లేపినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. కథంతా ఆ ఎనిమిది మిల్లీమీటర్లలోనే నడుస్తుంది.

తలుపు ఎత్తుతో ప్రవాహాన్ని అదుపు చెయ్యడం మనకి కొత్త కాదు. చెరువు తూము దగ్గర షట్టరు ఎంత లేపితే కాలవలోకి అన్ని నీళ్ళు. ఈ ఊరికీ కొత్త కాదు. 1794లో చార్లెస్ హెన్రీ లెస్లీ ఇక్కడ లీ నది ఒడ్డున తుపాకిమందు మిల్లులు పెట్టాడు. 1805లో బ్రిటిష్ ప్రభుత్వం వాటిని కొనేసింది. మధ్యలో కొన్నేళ్ళు మూతపడ్డా, మొత్తానికి 1903 దాకా నడిచాయి. (మందుకి కావలసిన సురేకారం ఇండియా నుంచి వచ్చేది!) నదిలోంచి కాలవ తవ్వి, తూములు లేపుతూ దించుతూ, ఆ నీళ్ళతో చక్రాలు తిప్పి రోళ్ళు నడిపేవారు. ఆ కాలవలూ గోడలూ ఇప్పుడు మేం సాయంత్రాలు నడకకెళ్ళే పార్కులో ఉన్నాయి. చక్రానికి ఎన్ని నీళ్ళు కావాలో అన్నే వదిలేవాడు ఆ తూము కాపలావాడు. కారు ఇంజనుకి మాత్రం అలాంటి కాపలావాడు ఎనభై తొంభై ఏళ్ళ దాకా దొరకలేదు.

ఎందుకంటే క్యాము ఉక్కు ముక్క. ఒకసారి చెక్కాక దాని ఎత్తు మారదు. ఇంజను మాత్రం రకరకాల వేగాల్లో తిరగాలి. సిగ్నలు దగ్గర నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకి ఏడుసార్లు కూడా తెరుచుకోదు. 6,000 చుట్ల దగ్గర సెకనుకి 50 సార్లు తెరుచుకుంటుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు తలుపు బార్లా, ఎక్కువసేపు తీసి ఉంచితే పీల్చిన మిశ్రమం వెనక్కి పోతుంది, వదలాల్సిన పొగ లోపలికొస్తుంది, ఇంజను దగ్గుతుంది. వేగంగా తిరిగేటప్పుడు కొంచెమే తీస్తే ఊపిరి చాలదు. నిద్రలోనూ పరుగుపందెంలోనూ ఒకేలా ఊపిరి తీసే మనిషిని ఊహించుకోండి. ఏళ్ళ తరబడి కార్లన్నీ ఆ మనిషే.

విచిత్రమేమిటంటే, ఆవిరి రైలింజనుకి ఈ బాధ లేదు. కార్క్ కెంట్ స్టేషన్లో 36వ నంబరు ఇంజను ఒకటి అలంకారంగా నిలబెట్టారు, 1847లో లివర్‌పూల్‌లో తయారైంది. ఆ దశాబ్దంలోనే స్టీఫెన్సన్ కంపెనీ వాళ్ళూ, బెల్జియంలో వాల్షార్ట్స్ అనే ఆయనా వాల్వుల్ని సర్దే మీటలు కనిపెట్టారు. బండి కదిలేటప్పుడు డ్రైవరు మీట పూర్తిగా తోసి సిలిండర్లోకి ఎక్కువసేపు ఆవిరి పంపేవాడు. వేగం అందుకున్నాక మీట వెనక్కి లాగి ఆవిరి పొదుపు చేసేవాడు. అంటే మారే వాల్వు అన్న ఆలోచన కారు కంటే ముందే పుట్టింది. కారు దాన్ని అందుకోలేకపోయింది. రైలింజను చక్రం నిమిషానికి కొన్ని వందల చుట్లే తిరుగుతుంది. వేల చుట్లు తిరిగే చిన్న ఇంజనులో, సామాన్యుడు కొనగలిగే ధరలో అలాంటి మీట పెట్టడం అప్పట్లో సాధ్యం కాలేదు.

ఆ 1847లోనే, కరువు రోజుల్లో, మా ఊరికి గంట ప్రయాణంలో ఉన్న బాలినాస్కార్తీ నుంచి విలియం ఫోర్డ్ అనే కుర్రాడు కుటుంబంతో అమెరికా వెళ్ళిపోయాడు. ఆయన కొడుకే హెన్రీ ఫోర్డ్. ఆ పల్లెలో ఇప్పుడు మెరిసే స్టీలుతో చేసిన మోడల్-టీ బొమ్మ ఉంది. తండ్రి పుట్టిన నేల మీద మమకారంతోనో, వ్యాపారం లెక్కతోనో, లేక రెండూ కలిసో, హెన్రీ ఫోర్డ్ 1917లో కార్క్ మెరీనాలో ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. 1919 జూలైలో అక్కణ్ణుంచి మొదటి ఫోర్డ్‌సన్ ట్రాక్టరు బయటికొచ్చింది.

సరిగ్గా ఇక్కడే పన్ను గుమాస్తా రంగప్రవేశం చేస్తాడు.

1921 జనవరి నుంచి బ్రిటన్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కి ఏడాదికి ఒక పౌను పన్ను వేశారు. ఐర్లండు అప్పటికి ఆ పాలన కిందే ఉంది. మరి బండిలో ఎన్ని హార్స్‌పవర్లున్నాయో కొలిచేదెలా? నిజంగా కొలవడం కష్టం కనక రాయల్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్ళ సూత్రం ఒకటి పట్టుకున్నారు. సిలిండరు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగించండి. అంతే. పిస్టన్ ఎంత దూరం నడుస్తుంది, ఎన్ని చుట్లు తిరుగుతుంది అన్నవి లెక్కలోకి రావు.

మోడల్-టీ సిలిండరు వ్యాసం మూడుముప్పావు అంగుళాలు, నాలుగు సిలిండర్లు. లెక్క వేసి చూడండి, 22.5 వస్తుంది. అసలు ఇంజను ఇచ్చేదే 20. అంటే ఇవ్వని బలానికి కూడా పన్ను! ఊరి డాక్టరు దగ్గర్నుంచి రైతు దాకా అందరూ కొనాలని ఫోర్డ్ తయారుచేసిన బండి ఇక్కడ డబ్బున్నవాళ్ళ పన్ను కట్టాల్సొచ్చింది.

దాంతో ఏమయింది? సూత్రం దేన్ని కొలుస్తుందో దాన్ని అందరూ తగ్గించేశారు. సిలిండర్లు సన్నబడ్డాయి, పొడవు పెరిగాయి. 1928లో ఫోర్డ్ తన మోడల్-ఏకి యూరప్ కోసం ప్రత్యేకంగా సన్నసిలిండరు రకం తెచ్చాడు. వ్యాసం 98 మి.మీ. నుంచి 77.6కి దిగింది, పన్ను లెక్కలో 24 కాస్తా 14.9 అయింది. 1932లో వచ్చిన చిన్న మోడల్-వై ఇంకా ముందుకెళ్ళింది. వ్యాసం 56.6 మి.మీ., పిస్టన్ నడక 92.5 మి.మీ. పన్ను లెక్కలో 8 హార్స్‌పవర్. ఈ బండిని డాగెన్‌హామ్‌తో పాటు మా కార్క్‌లోనూ తయారుచేశారు.

సన్నటి గొట్టంలో పెద్ద తలుపు పట్టదు కదా. ఇంజను సన్నబడేకొద్దీ వాల్వులకి చోటు తగ్గింది. పిస్టన్ ఒక్కో చుట్టుకీ ఎక్కువ దూరం పరుగెత్తాలి కనక ఇంజను గబగబా తిరగలేదు. ఊపిరి రెండు వైపులా బిగుసుకుంది. బ్రిటిష్ కార్లు పాతికేళ్ళ పాటు ఆయాసపడుతూ కొండలెక్కడానికి వాళ్ళ ఇంజనీర్ల తెలివితక్కువతనం కాదు, ఆ 2.5 సూత్రమే చాలా వరకు కారణం. చివరికి 1947-48లో బ్రిటన్ ఆ పన్ను ఎత్తేసింది. ఇంగ్లండులో ఒకప్పుడు ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత పన్ను అనేవారు, 1696 నుంచి 1851 దాకా. జనం కిటికీలు ఇటుకలతో మూసుకున్నారు. ఇదీ అంతే. ఇల్లయినా ఇంజనయినా, ముందు పోయింది గాలే.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వింతగా అనిపించదు. నేను పని చేసిన ఒకచోట నెలకి ఎన్ని టికెట్లు మూశారన్నదాన్ని బట్టి మార్కులు వేసేవారు. నెల తిరిగేసరికి ఒక్కో తప్పు అయిదు టికెట్లుగా పుట్టడం మొదలైంది. కొలతకి పడేది పెరుగుతుంది లేదా తరుగుతుంది. అసలు పని మాత్రం దాని దారిన అది ఉంటుంది.

వ్యాసం లెక్క పోయి, చాలా దేశాల్లో సీసీ లెక్క వచ్చింది. సీసీ అంటే పిస్టన్లు కిందికి దిగినప్పుడు ఖాళీ అయ్యే మొత్తం చోటు. వ్యాసం కన్నా ఇది న్యాయమైన కొలతే. కానీ ఇదీ జాడీ సైజునే కొలుస్తుంది. నిమిషానికి ఆ జాడీని ఎన్నిసార్లు, ఎంత నిండుగా నింపుతున్నారో కొలవదు. ఆ సందులోంచి దూరడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పంపు పెట్టి గాలిని బలవంతంగా కుక్కడం. అది టర్బో. రెండోది, తలుపు ఇంకా పెద్దగా, ఇంకా వేగంగా తియ్యడం.

రెండో దారిలో ముందు ఇటలీవాళ్ళు నడిచారు. 1960ల్లోనే ఫియట్ వాల్వు ఎత్తు మార్చే ఉపాయానికి పేటెంటు తీసుకుంది. 1980లో ఆల్ఫా రోమియో అమెరికాకి పంపిన స్పైడర్ కారులో వాల్వు తెరుచుకునే సమయాన్ని కొంచెం ముందుకీ వెనక్కీ జరిపే ఏర్పాటు పెట్టింది. (అదీ అక్కడి పొగ చట్టాల కోసమే.) ఇక్కడొక తేడా గమనించండి. సమయం మార్చడం వేరు, ఎత్తు మార్చడం వేరు. క్యామ్‌షాఫ్టుని కాస్త తిప్పితే సమయం మారుతుంది, అది కొంత తేలిక. ఎత్తు మారాలంటే క్యామే మారాలి.

క్యాముని మార్చలేనప్పుడు రెండు క్యాములు పెట్టుకుంటే పోలా? ఇదే హోండా చేసింది.

జపానులో కారు పన్ను 500 సీసీల మెట్ల మీద నడుస్తుంది. 2019 అక్టోబరు దాకా 1,500 సీసీ లోపు బండికి ఏడాదికి 34,500 యెన్లు, 2,000 లోపు దానికి 39,500, అలా పైకి. మెట్టెక్కకుండా బలం పెంచాలి. హోండాలో ఇంజను రూపకల్పన చూస్తున్న ఇకువో కజితాని బృందం లీటరుకి 90 హార్స్‌పవర్ చాలనుకుంది. పైవాడు నొబుహికో కవామోతో "100 చెయ్యండి" అన్నాడు. పందెంకార్లలో తప్ప ఊళ్ళో తిరిగే టర్బో లేని బండిలో అది దాదాపు ఎవరూ ఎరగని అంకె. 1989లో ఇంటెగ్రా కారులో ఆ ఇంజను వచ్చింది. 1,595 సీసీ, 160 హార్స్‌పవర్. దాని పేరే వీటెక్. హోండా ఇదంతా పన్ను కోసమే చేసిందని నేననను. పందేల పిచ్చి వాళ్ళ రక్తంలోనే ఉంది. కానీ సీసీకి ఇంత విలువ కట్టే దేశంలో ఒక్కో సీసీని పిండాలన్న పట్టుదల పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

పని చేసే తీరు చెబుతాను. ఒక్కో సిలిండరుకి లోపలికి గాలి తెచ్చే వాల్వులు రెండు. వాటి మీద మూడు క్యాములు. అటూ ఇటూ పొట్టివి, మధ్యలో పొడుగుది. మూడింటి కిందా మూడు రాకర్లు, అంటే వాల్వుని నొక్కే మీటలు, పక్కపక్కనే ఉంటాయి. మామూలుగా వెళ్ళేటప్పుడు పొట్టి క్యాములే వాల్వుల్ని నొక్కుతాయి. మధ్య మీట కూడా పైకీ కిందికీ ఊగుతుంది గానీ దాని కింద వాల్వు లేదు, ఉత్తి కసరత్తు. ఇంజను సుమారు 5,500 చుట్లు దాటగానే కంప్యూటరు ఒక దారి తెరుస్తుంది. ఇంజను ఆయిలే ఒత్తిడితో వచ్చి, మీటల లోపల దాక్కున్న చిన్న పిన్నుల్ని తోస్తుంది. మూడు మీటలూ గుచ్చిన దండలా ఒకటైపోతాయి. ఇప్పుడు రెండు వాల్వులూ పొడుగు క్యాము చెప్పినట్టు వినాలి. తలుపులు బార్లా. ఇంజను గొంతే మారిపోతుంది. వేగం తగ్గితే ఆయిలు వెనక్కి పోతుంది, స్ప్రింగు పిన్నుల్ని వెనక్కి నెడుతుంది, మళ్ళీ మర్యాదస్తుడి బండి. ఒకే డబ్బాలో రెండు ఇంజన్లు!

ఐర్లండు లాంటి దేశానికి ఇది అచ్చంగా సరిపోయే సరుకు. ఇక్కడ పన్ను సీసీ మీద, ఇన్సూరెన్సువాళ్ళు అడిగేదీ సీసీయే. అందుకే జపాను నుంచి దిగిన పాత సివిక్‌ల మీద ఇక్కడి కుర్రకారుకి అంత మోజు. 1.6 పన్నుతో రెండు లీటర్ల సరదా మరి.

మన దేశంలోనూ ఇదే కథ నడిచింది. 1998లో హోండా సిటీ వచ్చింది. ఆ మొదటి తరంలోనే తర్వాత వచ్చిన 1.5 వీటెక్, 106 హార్స్‌పవర్ది, ఇప్పటికీ కార్ల పిచ్చివాళ్ళ నోట వినబడుతూనే ఉంటుంది. 2006 బడ్జెట్‌లో చిదంబరంగారు నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్లకి ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. ఇక చూడండి. 2008లో టాటావాళ్ళు ఇండిగో డిక్కీ కోసి సీఎస్ అన్నారు. 2012లో మారుతీవాళ్ళు డిజైర్ డిక్కీ కత్తిరించి 3,995 మి.మీ.కి తెచ్చారు. అంతకు ముందే 2010లో స్విఫ్ట్‌లో 1.3 పెట్రోలు ఇంజను తీసేసి 1,197 సీసీది పెట్టారు. 2009లో మనకొచ్చిన జాజ్‌లో హోండా పెట్టిన ఇంజను 1,198 సీసీ, వీటెక్‌తో 90 హార్స్‌పవర్. గీతకి రెండు సీసీల ఇవతల! ఆ గీత ఇంకా అలాగే ఉంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు గీత లోపలి కార్లకి 18 శాతం, బయటివాటికి 40 శాతం అన్నారు. అంటే రాబోయే కార్ల ఇంజన్లు కూడా 1,197, 1,198, 1,199 అనే పుడతాయి.

ఇంతవరకూ వాల్వు ఎత్తు పెరిగింది బలం కోసం. ఆ తర్వాత గుమాస్తా కొలబద్ద మార్చాడు.

1998లో యూరప్ కార్ల కంపెనీల సంఘం, 2008 నాటికి కొత్త కార్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ సగటున కిలోమీటరుకి 140 గ్రాములకి తగ్గిస్తామని ఒప్పుకుంది. 2009లో అది చట్టమై 130 గ్రాములకి దిగింది, ఆ తర్వాత 95కి. ఐర్లండులో గ్రీన్ పార్టీ భాగస్వామిగా ఉన్న ప్రభుత్వం 2008 జూలై నుంచి మోటార్ టాక్స్‌ని గ్రాముల మీదికి మార్చింది. ఇప్పుడు కావలసింది బలం కాదు, పొదుపు. అదే వాల్వు, అవే ఎనిమిది మిల్లీమీటర్లు. ఇంజనీర్లు చూసే చివర మాత్రం మారింది. పైచివర వదిలేసి కిందిచివర పట్టుకున్నారు.

పెట్రోలు ఇంజనులో ఒక పాత జబ్బుంది. మనం యాక్సిలరేటరు వదిలితే గాలి గొట్టంలో ఉన్న రేకు మూసుకుంటుంది. దాన్ని థ్రాటిల్ అంటారు. ఊళ్ళో నడిపేటప్పుడు ఆ రేకు దాదాపు మూసే ఉంటుంది. ఇంజను దానికి వ్యతిరేకంగా గాలి పీలుస్తూనే ఉండాలి. సిరంజి మూతి వేలితో మూసి వెనక్కి లాగి చూడండి, ఎంత బలం పడుతుందో. ఇంజను ప్రతి చుట్టుకీ ఆ పని చేస్తుంది, మన పెట్రోలు ఖర్చుతో. డీజిల్ ఇంజనుకి ఈ బాధ లేకపోవడం దాని పొదుపుకి ఒక కారణం.

2001లో బీఎండబ్ల్యూ 316టీఐ కారులో వాల్వ్‌ట్రానిక్ అనే ఏర్పాటు తెచ్చింది. క్యాముకీ వాల్వుకీ మధ్య ఇంకో మీట పెట్టి, ఆ మీట ఆనుకునే చోటుని చిన్న కరెంటు మోటారుతో జరుపుతారు. ఆనుకునే చోటు మారితే అదే క్యాము అదే నొక్కు నొక్కినా వాల్వు లేచే ఎత్తు మారుతుంది. మిల్లీమీటరులో పావు వంతు నుంచి దాదాపు పది మిల్లీమీటర్ల దాకా, మధ్యలో ఎంత కావాలంటే అంత. వీటెక్‌కి రెండే మెట్లు, దీనికి మెట్లే లేవు. రేకు తెరిచే ఉంటుంది. ఎంత గాలి కావాలో వాల్వే చూసుకుంటుంది. సిరంజి మూతి మీద వేలు తీసేశారన్నమాట. నా దృష్టిలో అసలైన తూము కాపలావాడు ఇతనే.

తర్వాత మిగతావాళ్ళూ వచ్చారు. 2007లో టయోటా వాల్వ్‌మాటిక్, నిస్సాన్ వీవీఈఎల్. 2009లో ఫియట్ మల్టీఎయిర్, దీనిలో క్యాముకీ వాల్వుకీ మధ్య ఆయిలు నిండిన చిన్న గది ఉంటుంది. కంప్యూటరు కావలసినప్పుడు ఆ ఆయిలుని పక్కకి వదిలేస్తే క్యాము నొక్కినా వాల్వు అంత లేవదు. హోండా అయితే 1991లోనే వీటెక్-ఈ అని తన ఉపాయాన్నే తిరగేసి, తక్కువ వేగంలో రెండు వాల్వుల్లో ఒకదాన్ని దాదాపు మూసే ఉంచి పెట్రోలు మిగిల్చింది. అదే పిన్ను, అదే ఆయిలు, ఎదురు ప్రయోజనం!

మరి గ్రాముల లెక్క వల్ల ఐర్లండులో పెట్రోలు వాల్వులకి మంచిరోజులొచ్చాయా? రాలేదు. అంతకన్నా తేలికైన దారి జనానికి దొరికింది, డీజిల్. కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి పన్ను తక్కువ. కొద్ది ఏళ్ళలోనే కొత్త కార్లలో డీజిల్ వాటా సగం దాటింది, ఆపైన డెబ్భై శాతం కూడా దాటింది. కానీ డీజిల్ పొగలో ఊపిరితిత్తులకి చేటు చేసే నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ. పన్ను లెక్కలో వాటి ఊసే లేదు. 2015లో ఫోక్స్‌వాగన్ మోసం బయటపడ్డాక అందరికీ మెలకువ వచ్చింది. 2020 జనవరి నుంచి ఐర్లండు కొత్తగా రిజిస్టరయ్యే కార్ల మీద నైట్రోజన్ ఆక్సైడ్ల సుంకం కూడా కలిపింది. 1921లో వ్యాసం కొలిచి ఇంజను ఊపిరి బిగించారు. 2008లో ఒక వాయువు కొలిచి ఇంకో వాయువుని మనుషుల ఊపిరిలోకి వదిలారు. పన్నులు వద్దని నేననడం లేదు. కొలవని దాని మీద కూడా ఎవరో ఒకరు కన్నేసి ఉంచాలి. లేకపోతే బిల్లు ఇంకోచోట, ఇంకొకరి పేరున వస్తుంది.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్ల వంతు. వాటికి వాల్వుల్లేవు, క్యాముల్లేవు, సీసీల్లేవు, వెనక గొట్టమే లేదు. ఐర్లండులో ఏడాది పన్ను 120 యూరోలు. కానీ బ్యాటరీల వల్ల బండ్లు బరువెక్కుతున్నాయి. ఫ్రాన్స్ 2022 నుంచే 1,800 కిలోలు దాటిన కొత్త కార్ల మీద బరువు పన్ను మొదలుపెట్టింది, ఎలక్ట్రిక్ వాటిని అప్పటికి మినహాయించింది. ఆ మినహాయింపులు ఎన్నాళ్ళుంటాయో, రేపు కిలోల గీత ఎక్కడ గీస్తారో, దాని కోసం కార్లలో ఏం కోస్తారో చూడాలి. ఫోర్డ్‌ల కార్క్ ఫ్యాక్టరీ 1984 జూలైలోనే మూతపడింది కాబట్టి ఆ కోత ఈసారి మా పక్కన జరగదు.

ఈలోగా మీ దగ్గర వీటెక్ లాంటి బండి ఉంటే ఒక్క మాట. ఆ పిన్నుల్ని నడిపేది ఇంజను ఆయిలే. ఆయిలు తగ్గినా మడ్డి కట్టినా దాని దారిలో ఉన్న చిన్న జల్లెడ మూసుకుపోతుంది, పొడుగు క్యాము పలకదు. పన్ను ఎంత కట్టినా, ఆయిలు మాత్రం టైముకి మార్పించండి.